బైబిల్ సాఫ్ట్‌వేర్‌లో గ్రీకు అక్షరాల మీది గుర్తులు సరిగా కనపడటం లేదు, ఏ ఫాంటు పెట్టాలి?

కావలి చదువరి

అందరికీ వందనాలు. శనివారం సాయంత్రాలు జరిగే కొత్త నిబంధన గ్రీకు పాఠానికి నోట్సు తయారు చేస్తున్నాం. లాప్‌టాప్ 14 అంగుళాలది, తెర 1366×768, విండోస్ 10. అందులో ద వర్డ్, ఈ-స్వోర్డ్ అనే బైబిల్ ప్రోగ్రాములు రెండూ ఉన్నాయి. ఇబ్బందులు ఇవి:

గ్రీకు వచనం 12 సైజులో పెడితే అచ్చు మీద ఉన్నది కామానో, తిరగేసిన కామానో తేలడం లేదు. తల దగ్గరగా పెట్టి చూసినా చుక్కలాగే ఉంటుంది.

ఒక్కో మాటలో రెండు మూడు అక్షరాలు లావుగా, మిగతావి సన్నగా వస్తున్నాయి. అక్కడక్కడా డబ్బాలు కూడా.

ఒక బైబిల్ కాలేజీ పాత నోట్సు వర్డ్ ఫైలుగా దొరికింది. తెరిస్తే గ్రీకు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ కామాలూ స్లాషులూ కనపడతాయి.

చివరికి ఇదంతా తెలుగుతో కలిపి ఎ4 మీద ప్రింటు తీయాలి, హాల్లో ప్రొజెక్టర్ మీద కూడా చూపాలి. అన్నిటికీ పనికొచ్చే ఫాంటు ఒక్కటి చెప్తే అదే పెట్టుకుంటాం.

గుండ్లకమ్మ (ఒంగోలు)

వందనాలు బ్రదర్. ఒక్క ఫాంటుతో తీరేది కాదు ఇది. మీరు చెప్పినవి మూడు వేరు వేరు జబ్బులు, మందు కూడా వేరు వేరే. ఏది ఏదో తేల్చుకోకుండా ఫాంట్లు మారుస్తూ కూర్చుంటే వారం గడిచినా తెమలదు.

ముందు పరీక్ష వచనాలు రెండు పెట్టుకోండి. మొదటిది ఎఫెసీయులకు 4:4. అందులో 'ఒక్కటే' అనే అర్థంలో హెన్ రెండుసార్లు వస్తుంది, 'లో' అనే అర్థంలో ఎన్ ఒకసారి వస్తుంది. అక్షరాలు రెండిటికీ అవే, ఎప్సిలాన్, న్యూ. తేడా అంతా ఎప్సిలాన్ మీది గుర్తులోనే: హెన్‌కి రఫ్ బ్రీతింగు ('హ' పలకమనే తిరగేసిన కామా), ఎన్‌కి స్మూత్ బ్రీతింగు ('హ' లేదనే మామూలు కామా). పైగా హెన్ మీద గ్రేవ్ యాక్సెంటు (ఊని పలికే చోటు చెప్పే గీతల్లో ఒకటి) కూడా పక్కనే ఇరుక్కుని ఉంటుంది. రెండోది 1 యోహాను 4:16. అగాపే (ప్రేమ) అనే మాట అక్కడ 'దేవుడు ప్రేమ' అనేచోట ప్రథమా విభక్తిలో, మరోసారి 'ప్రేమలో' అనే విభక్తిలో వస్తుంది. రెండోదానికి చివరి ఈటా కింద ఐయోటా సబ్‌స్క్రిప్టు (అచ్చు కింద రాసే చిన్న ఐయోటా) ఉంటుంది, మొదటిదానికి ఉండదు. ఈ రెండు వచనాల్లో తేడాలు మామూలు దూరం నుంచి కనపడితే ఆ ఫాంటు, ఆ సైజు మీకు సరిపోయినట్టే. కనపడకపోతే ఎంత అందమైన ఫాంటైనా పక్కన పెట్టండి.

ఇక మొదటి జబ్బు, సైజు. విండోస్ స్కేలు 100 శాతంలో ఉంటే 12 పాయింట్లంటే 16 పిక్సెళ్లు. అంత ఎత్తులోనే అక్షరమూ, పై గుర్తూ, కింది గుర్తూ అన్నీ సర్దుకోవాలి. బ్రీతింగుకి మూడు నాలుగు పిక్సెళ్లకు మించి దక్కవు. కామా ఎటు వంగిందో చూపడానికి అవి చాలవు, ఏ ఫాంటూ ఇక్కడ ఏమీ చెయ్యలేదు. 18 పాయింట్లు పెడితే 24 పిక్సెళ్లు అవుతాయి, అక్కణ్నుంచి తేడా తెలుస్తుంది. కాబట్టి మీ తెర మీద గ్రీకుకి 18 కంటే తగ్గొద్దు. ఎక్కువ ప్రోగ్రాముల్లో కంట్రోల్ నొక్కి మౌసు చక్రం తిప్పితే పెరుగుతుంది.

సైజు పెంచినా మసకగా ఉంటే రెండు చోట్ల చూడండి. స్టార్ట్‌లో క్లియర్‌టైప్ అని టైపు చేసి, వచ్చిన పేజీల్లో మీ కంటికి స్పష్టంగా ఉన్న నమూనా ఎంచుకోండి. తర్వాత, విండోస్ స్కేలు 125 పెట్టి ఉంటే పాత ప్రోగ్రాములు సాగదీసిన బొమ్మలా వస్తాయి. ఆ ప్రోగ్రాము ఐకాన్ మీద రైట్‌క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్, అక్కడ ఓవర్‌రైడ్ దగ్గర టిక్కు పెట్టి అప్లికేషన్ అని ఎంచుకోండి. అప్పుడు మెనూలు చిన్నవైపోతే సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ పెట్టి చూడండి.

రెండో జబ్బు, లావు సన్నం. మీరు ఎంచిన ఫాంటులో పాలిటానిక్ గ్రీకు, అంటే బ్రీతింగులూ అన్ని యాక్సెంట్లూ ఉన్న పాత పద్ధతి గ్రీకు, లేదని అర్థం. యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే పద్ధతిలో) గ్రీకు రెండు చోట్ల ఉంది. మామూలు అక్షరాలు 0370 దగ్గర మొదలవుతాయి. బ్రీతింగులూ యాక్సెంట్లూ కలిసిన అక్షరాలు 1ఎఫ్00 నుంచి 1ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ దాకా వేరే గదిలో ఉంటాయి. 1982లో గ్రీసు ప్రభుత్వం ఒకే యాక్సెంటు పద్ధతికి మారింది, అందుకే ఈనాటి గ్రీకు కోసం చేసిన ఫాంట్లలో చాలావాటికి ఆ రెండో గది ఖాళీ. ఖాళీ అక్షరాన్ని విండోస్ ఇంకో ఫాంటు నుంచి తెచ్చి అతికిస్తుంది. మీకు లావుగా కనపడేవి ఆ అతుకులే. అతకడానికి కూడా ఏమీ దొరక్కపోతే డబ్బా. గూగుల్ ఫాంట్స్‌లో వెతికేటప్పుడు గ్రీక్ అని కాకుండా గ్రీక్ ఎక్స్‌టెండెడ్ అని వడపోయండి.

పాలిటానిక్ పూర్తిగా ఉన్నవి: జెంటియం ప్లస్, ఎస్‌బీఎల్ గ్రీక్, కార్డో, గ్రీక్ ఫాంట్ సొసైటీ వాళ్ల జీఎఫ్‌ఎస్ డీడో, జీఎఫ్‌ఎస్ నియోహెలెనిక్, ఇంకా నోటో శాన్స్, నోటో సెరిఫ్. విండోస్‌తో వచ్చే పాలటీనో లైనోటైప్‌లో కూడా ఉంది, ఏదీ డౌన్‌లోడు చేసుకునే వీలు లేని చోట అది చాలు. చదువుకోవడానికి నేనైతే జెంటియం ప్లస్ అంటాను. న్యూ అడుగున మొనదేలి, ఉప్సిలాన్ అడుగున గుండ్రంగా ఉండి రెండూ కలవవు. కాకపోతే నిటారు అక్షరమే వాడండి, ఇటాలిక్ వద్దు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక మెలిక ఉంది. విండోస్ 10లో ఫాంటు మీద ఊరికే ఇన్‌స్టాల్ నొక్కితే అది ఆ ఒక్క యూజర్‌కే పడుతుంది, కొన్ని పాత ప్రోగ్రాములకు కనపడదు. రైట్‌క్లిక్ చేసి ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ నొక్కండి. ప్రోగ్రాము మూసి మళ్లీ తెరవండి. ఆ తర్వాత ఫాంటు మార్చేది గ్రీకుకి మాత్రమే. తెలుగు బైబిలుకి కూడా అదే పెడితే జెంటియంలో తెలుగు లేదు కాబట్టి ఈసారి తెలుగులో అతుకులు మొదలవుతాయి.

మూడోది, పాత నోట్సు. అది ఫాంటు పోయిన ఫైలు. దాని గురించి డీటీపీ వాళ్లెవరైనా నాకంటే బాగా చెప్తారు.

పెన్నా గట్టు (నెల్లూరు)

గుండ్లకమ్మ అన్న చెప్పినదాంట్లో ఒక్కదానికి ఒప్పుకోను. 1366×768 తెర మీద జెంటియం సన్నగీతలు 14, 16 సైజుల్లో బూడిదరంగులోకి పోతాయి. అలాంటి తెరకి నోటో శాన్సే మేలు. గీత మందం అంతటా ఒకటే, యాక్సెంటు కూడా అంతే మందం. అందం తక్కువేలే, కానీ కంటికి కావలసింది గుర్తు. జెంటియం అందం తెలియాలంటే మంచి తెరో కాగితమో ఉండాలబ్బా.

ఇంకొకటి. కనపడటం లేదని బోల్డు నొక్కేవాళ్లు ఎక్కువ. ఎస్‌బీఎల్ గ్రీక్‌లో రెగ్యులర్ ఒక్కటే ఉంది, బోల్డు లేదు. మీరు బోల్డు నొక్కితే విండోస్ అదే అక్షరాన్ని పక్కకి పులిమి లావు చేస్తుంది. బ్రీతింగూ యాక్సెంటూ కలిసి ఒకే మచ్చ అవుతాయి. జెంటియం ప్లస్‌లో కూడా బోల్డు 6వ వెర్షన్ నుంచే వచ్చింది, పాతది ఉంటే తీసేసి కొత్తది వేసుకోండి. అసలు గ్రీకుకి బోల్డు బదులు సైజు పెంచడమే మంచిది.

గుండ్లకమ్మ (ఒంగోలు)

16 లోపు సైజు అయితే మీ మాటే సరి, నోటో శాన్స్. 18 దాటాక మాత్రం గంటసేపు చదవడానికి నేను జెంటియమే అంటాను. బోల్డు సంగతి బాగా గుర్తు చేశారు.

సింగరాయకొండ లైనక్స్

మధ్యలో దూరుతున్నా. మేం లైనక్స్ మీద జైఫోస్ అనే బైబిల్ ప్రోగ్రాము వాడతాం. ఫాంటు మార్చినా అసలు గుర్తులే లేవు. డబ్బాలు లేవు, అతుకులు లేవు, ఉత్త అక్షరాలు వస్తాయి. జెంటియం ప్లస్ పెట్టాం.

గుండ్లకమ్మ (ఒంగోలు)

అది ఫాంటు తప్పు కాదు. రెండు కారణాలు ఉండొచ్చు. జైఫోస్ చూపే స్వోర్డ్ మాడ్యూళ్లలో (విడిగా దింపుకునే బైబిల్ పాఠాల ఫైళ్లలో) గ్రీకు యాక్సెంట్లు చూపు, చూపకు అని ఒక మీట ఉంటుంది. మాడ్యూల్ ఆప్షన్లలో గ్రీక్ యాక్సెంట్స్ దగ్గర టిక్కు ఉందేమో చూడండి. ఉన్నా రాకపోతే ఆ మాడ్యూల్లోనే గుర్తులు లేవు. ఉచితంగా దొరికే పాత గ్రీకు పాఠాల్లో గుర్తులు లేకుండా టైపు చేసినవి చాలా ఉన్నాయి. ఎస్‌బీఎల్ గ్రీకు కొత్త నిబంధన మాడ్యూలు దింపుకోండి, అది 2010లో వచ్చింది, గుర్తులన్నీ ఉంటాయి.

గుర్తుల్లేని పాఠంతో నేర్పొద్దు. 1 కొరింథీయులకు 5:13లో 'తీర్పు తీర్చును' అనేచోట క్రియ వర్తమానమా భవిష్యత్తా అన్నది యాక్సెంటు ఎక్కడుందన్నదాన్ని బట్టే తేలుతుంది. అసలు పాత ప్రతుల్లో ఆ గుర్తులు లేవు కాబట్టి సంపాదకులు ఎంచుకున్నదే మనం చూసేది, అది వేరే చర్చ. విద్యార్థికి మాత్రం గుర్తు కనపడాలి.

ట్రంక్ రోడ్డు డీటీపీ (నెల్లూరు)

పాత నోట్సు సంగతి నేను చెప్తాను. మన అను ఫాంట్లు తెలుసుగా. అను తీసేస్తే తెలుగు పేజీ మొత్తం ఇంగ్లీషు గజిబిజి అయిపోతుంది. ఇదీ అంతే. యూనికోడ్ రాకముందు గ్రీకు ఫాంట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల మీద గ్రీకు బొమ్మలు తొడిగినవి. ఫైల్లో ఉన్నది ఇంగ్లీషే.

ఏ ఫాంటో కనుక్కోవడం తేలిక. ఆ గజిబిజి మీద కర్సర్ పెడితే, ఫాంటు మీ దగ్గర లేకపోయినా వర్డ్ పైన ఫాంటు గడిలో దాని పేరు చూపిస్తుంది. పేరు తెలియకపోతే లోగొస్ అనే మాట వెతకండి. ఎల్, ఓ, కామా, జి, ఓ, జె అని ఉంటే అది బైబిల్‌వర్క్స్ అనే బైబిల్ ప్రోగ్రాము ఫాంటు. కామా బదులు స్లాష్ ఉంటే ఎస్‌పీ అయోనిక్ అనే పాత గ్రీకు ఫాంటు. ఇది తేల్చుకోకుండా మార్చారంటే ఘోరం జరుగుతుంది: బైబిల్‌వర్క్స్‌లో ఖీకి ఇంగ్లీషు సి, క్సీకి ఎక్స్. ఎస్‌పీ అయోనిక్‌లో సరిగ్గా తిరగబడి ఉంటాయి. ఏ కీకి ఏ గ్రీకు అక్షరమో చెప్పే పట్టిక తప్పుది పెట్టి మారిస్తే పైకి చూడటానికి అంతా గ్రీకే, కానీ ఖీ ఉన్నచోటల్లా క్సీ. యోహాను 1:1లో ఆర్ఖే అనే మాట చూస్తే వెంటనే దొరికిపోతుంది.

వర్డ్‌లో చేతితో మార్చే పద్ధతి: ఫైండ్ అండ్ రిప్లేస్‌లో మోర్, ఫార్మాట్, ఫాంట్ నొక్కి ఆ పాత ఫాంటు పేరు ఇవ్వండి. అప్పుడు ఆ ఫాంటులో ఉన్న కామాలే మారతాయి, మామూలు వాక్యాల్లో కామాలు పదిలంగా ఉంటాయి. మ్యాచ్ కేస్ దగ్గర టిక్కు తప్పనిసరి, పెద్దక్షరం చిన్నక్షరం ఒకటి కాదు. అచ్చూ దాని వెనక గుర్తూ కలిసిన జంటలు ముందు మార్చాలి, ఉత్త అక్షరాలు చివర్లో. తలకిందులుగా చేస్తే గుర్తులు దిక్కులేకుండా మిగిలిపోతాయి. ఈ ఫాంట్లలో బ్రీతింగూ యాక్సెంటూ కలిపి ఒకే కీ మీద ఉన్నవి కూడా ఉంటాయి, వాటిని మరవొద్దు. పెద్దక్షరంతో మొదలయ్యే మాటల్లో గుర్తు అక్షరానికి ముందు వస్తుంది, అవి కంటితో చూసుకుని దిద్దాల్సిందే.

నిజానికి అంత కష్టం వచనాలకి అక్కర్లేదు. నోట్సులో బైబిలు వచనం ఉన్నచోటల్లా గజిబిజి చెరిపేసి, యూనికోడ్ మాడ్యూల్ నుంచి అదే వచనం కాపీ చేసి పెట్టండి. పదాల పట్టికలూ క్రియారూపాల పట్టికలూ మాత్రమే మార్చుకోండి.

పేస్టు చేశాక గుర్తులు అక్షరం మీద కాక పక్కన పడుతుంటే, ఆ పాఠంలో అక్షరం వేరు, గుర్తు వేరుగా ఉన్నాయన్నమాట. వర్డ్‌లో అక్షరం తర్వాత కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కండి. 1ఎఫ్‌తో మొదలయ్యే నంబరు వస్తే కలిసిన అక్షరం. 0313, 0314, 0301 లాంటివి వస్తే విడి గుర్తు. మళ్లీ నొక్కితే అక్షరం వెనక్కి వస్తుంది. విడిగా ఉన్నదాన్ని కలపడానికి బేబెల్‌ప్యాడ్ అని ఉచిత ఎడిటరు ఉంది, దాంట్లో వేసి ఎన్‌ఎఫ్‌సీకి (అక్షరమూ గుర్తూ కలిపి ఒకే నంబరుగా ఉంచే యూనికోడ్ రూపానికి) మార్చి తిరిగి తెచ్చుకోండి. ఎక్యూటు యాక్సెంటు ఒక మాటలో నిటారుగా, ఇంకో మాటలో వాలుగా కనపడే తేడా కూడా దీంతోనే పోతుంది, ఎందుకంటే ఎక్యూటు ఉన్న ఆల్ఫాకి యూనికోడ్‌లో 03ఏసీ అనీ 1ఎఫ్71 అనీ రెండు నంబర్లున్నాయి, ఎన్‌ఎఫ్‌సీ అన్నిటినీ మొదటిదాంట్లోకి తెస్తుంది. మాట కళ్లముందే ఉన్నా వెతికితే దొరకకపోవడానికి కూడా ఇదే కారణం.

తెలుగూ గ్రీకూ కలిపి వర్డ్‌లో పెట్టేటప్పుడు కంట్రోల్ డీ నొక్కండి. వచ్చే పెట్టెలో లాటిన్ టెక్స్ట్ అని ఒక గడి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని ఒక గడి ఉంటాయి. గ్రీకు లాటిన్ గడి మాట వింటుంది, తెలుగు రెండోదాని మాట వింటుంది. సైజులు కూడా విడివిడిగా ఇవ్వొచ్చు. తెలుగు నిర్మలా యూఐ 12, గ్రీకు జెంటియం ప్లస్ 13 లేదా 14. కార్డో అయితే అదే సైజులో చిన్నగా కనపడుతుంది, ఇంకొకటి పెంచాలి. ఇంగ్లీషు కూడా లాటిన్ గడిలోదే కాబట్టి అది మారకుండా ఉండాలంటే గ్రీకుకి క్యారెక్టర్ స్టైల్ వేరే చేసుకోండి.

లైన్ స్పేసింగ్ ఎగ్జాక్ట్‌లీ అని మాత్రం పెట్టొద్దు. పెట్టి 14 ఇచ్చారంటే పైన సర్కమ్‌ఫ్లెక్సు యాక్సెంటు తల ఎగిరిపోతుంది, కింద మన వత్తు తోక తెగిపోతుంది. మల్టిపుల్ 1.2 లేదా 1.3 పెట్టండి.

షాపుకి వర్డ్ ఫైలు తేవొద్దు, పీడీఎఫ్ తెండి. ఫాంట్లు దాంట్లోనే కూర్చుంటాయి. మా బజార్లో చాలా షాపుల్లో ఇంకా పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకరే నడుస్తుంది. దానికి యూనికోడ్ తెలియదు, గ్రీకు పేస్టు చేస్తే ప్రశ్నార్థకాలు వస్తాయి. పేజ్‌మేకర్లోనే కావాలంటే గ్రీకు లైన్లు ఈపీఎస్ (ఎంత పెంచినా అంచు చెడని బొమ్మ ఫైలు)గా తెచ్చి పెట్టించుకోండి, జేపెగ్ వద్దు, అంచులు మసకబారతాయి. లేదంటే పేజ్‌మేకర్‌కి మాత్రం ఆ పాత ఎస్‌పీ అయోనిక్కే దిక్కు.

డబ్బులు కలిసొస్తాయని ఎ4లో రెండు పేజీలు వేయించేవాళ్లు లెక్క చూసుకోవాలి. అలా వేస్తే 71 శాతానికి కుదించుకుపోతుంది. 12 సైజు గ్రీకు ఎనిమిదిన్నర అవుతుంది, స్మూత్, రఫ్ ఒకటైపోతాయి. రెండు పేజీలు వేయాలంటే మొదటే గ్రీకు 16లో పెట్టండి, అప్పుడు 11 పైన దిగుతుంది. టోనర్ సేవింగ్ ఆపమని షాపులో చెప్పండి. జిరాక్సుకి జిరాక్సు తీస్తే సన్నగీతలు పోతాయి కాబట్టి ప్రతి కాపీ పీడీఎఫ్ నుంచే. తప్పక జిరాక్సే అయితే జీఎఫ్‌ఎస్ నియోహెలెనిక్ వాడండి, దాని గీత అంతటా ఒకే మందం. డీడో జోలికి పోవద్దు, దాని సన్నగీతలు జిరాక్సులో మొదటే పోతాయి.

నోట్సుకి వెల పెట్టి అమ్మేటట్లయితే ఎస్‌బీఎల్ గ్రీక్ ఫాంటు వాడొద్దు, అది అమ్మకానికి కాని పనులకే ఉచితం. జెంటియం, కార్డో, జీఎఫ్‌ఎస్ వాటికి ఆ పేచీ లేదు.

కావలి చదువరి

చాలా థ్యాంక్సండీ అందరికీ. ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ చేశాక ద వర్డ్‌లో జెంటియం కనపడింది, అతుకులూ డబ్బాలూ పోయాయి. 18లో ఎఫెసీ 4:4 హెన్, ఎన్ తేడా తెలుస్తోంది. నోట్సు మాత్రం బైబిల్‌వర్క్స్ ఫాంటుదే, కామాలున్నాయి. ఇంకో రెండు: 'దియా' అనే మాట కుదించి రాసేచోట చివర వచ్చే గుర్తు స్మూత్ బ్రీతింగులాగే ఉంది, అదేమిటి? ప్రొజెక్టర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

గుండ్లకమ్మ (ఒంగోలు)

అది బ్రీతింగు కాదు, అచ్చు లోపించిందని చెప్పే అపాస్ట్రఫీ. బ్రీతింగు మాట మొదటి అచ్చు మీద, లేదా మొదటి జంట అచ్చుల్లో రెండోదాని మీద ఉంటుంది, మొదట్లో రో వచ్చినా ఉంటుంది. మాట చివర ఖాళీలో ఒంటరిగా ఉంటే అపాస్ట్రఫీయే. దీన్ని కొందరు 2019 నంబరుతో, కొందరు 02బీసీతో, కొందరు 1ఎఫ్‌బీడీతో టైపు చేశారు. ఒక మాడ్యూల్లో కాపీ చేసిన మాటను ఇంకో మాడ్యూల్లో వెతికితే దొరక్కపోవచ్చు. ఆ గుర్తు వదిలేసి ముందు అక్షరాలతోనే వెతకండి.

పెన్నా గట్టు (నెల్లూరు)

ప్రొజెక్టర్‌కి: విండోస్ కీ, పీ నొక్కి డూప్లికేట్ బదులు ఎక్స్‌టెండ్ పెట్టండి. డూప్లికేట్‌లో మీ 1366×768 బొమ్మను ప్రొజెక్టర్ తన 1024×768లోకి నొక్కుతుంది, సన్నగీతలు అక్కడే చస్తాయి. ఎక్స్‌టెండ్‌లో దాని సొంత రిజల్యూషన్ ఇవ్వొచ్చు. ఫాంటు నోటో శాన్స్, సైజు 32 తగ్గకుండా, స్లైడుకి ఒక వచనం చాలు. తెల్ల నేల మీద నల్ల అక్షరం పెట్టండి. నల్ల నేల మీద తెల్ల అక్షరమైతే వెలుగు పాకి బ్రీతింగూ యాక్సెంటూ అతుక్కుంటాయి. హాల్లో చివరి బెంచీ దగ్గర నిలబడి ఆ యోహాను పత్రిక వచనంలో సబ్‌స్క్రిప్టు కనపడుతుందో లేదో చూసి, లేకపోతే 36కి పెంచుకోండి.